టోపీ ఉతకొద్దు

"ఎలుకలకి టోపీ ఎందుకే?" అంది అమ్మమ్మ.

"ఎలుకలు కావు అమ్మమ్మా, డేగూలు!" అంది హెట్టీ. పొద్దున్నుంచి ఈ మాట చెప్పడం ఇది ఆరోసారి.

సోమవారం మధ్యాహ్నం. స్కూలుకి వారం రోజులు సెలవులు. ముందుగదిలో కిటికీ పక్కన హెట్టీ అంత ఎత్తు పంజరం నిలబడి ఉంది. పంజరంలో రెండు డేగూలు. ఉడతకి చెవులు పెద్దవి చేసి, తోక చివర పెయింటు బ్రష్షు కడితే ఎలా ఉంటుందో అలా ఉన్నాయి. పళ్ళు మాత్రం నారింజ రంగు. అక్కాచెల్లెళ్ళు. అక్క పేరు గ్రేవీ, చెల్లెలి పేరు పుడింగ్.

వాటిని తెచ్చింది విల్ఫ్. పదకొండేళ్ళవాడు, మనిషి పొడుగ్గా వెదురు కర్రలా ఉంటాడు. అవతలి ఊరి నుంచి వాళ్ళ నాన్న వ్యానులో వచ్చాడు. వాళ్ళ చంటి చెల్లికి ఎండుగడ్డి దుమ్ము పడటం లేదు. పీల్చిందంటే పిల్లికూతలే. గడ్డి లేకుండా డేగూలు బతకవు. అందుకని చెల్లి ఇంట్లో ఉండిపోయింది, డేగూలు బయటికొచ్చాయి.

విల్ఫ్ జేబులోంచి మడతలు పడ్డ కాగితం తీశాడు. తొమ్మిది నంబర్లు వేసి రాసుకొచ్చాడు.

"ఒకటి. తోక పట్టుకుని ఎత్తొద్దు, చర్మం ఊడి వచ్చేస్తుంది. రెండు. తీపి వద్దు. పళ్ళు వద్దు, కిస్మిస్ వద్దు, బిస్కెట్ అసలే వద్దు. వీటికి తొందరగా షుగర్ వస్తుంది."

"అయ్యో, నాలాగే!" అంది అమ్మమ్మ. చక్కెర లేని టీ ఒక గుటక తాగి, "మొత్తానికి ఈ ఇంట్లో పథ్యానికి నాకు తోడు దొరికింది" అంది.

విల్ఫ్ నవ్వబోయాడు గాని నవ్వు రాలేదు. చివరికి తన పాత ఊలు టోపీ తీసి పంజరం పై అరలో పెట్టాడు. ఒకప్పుడు నీలం రంగుదే. ఇప్పుడు ఏ రంగో చెప్పడం కష్టం. కంపు మాత్రం గుమ్మం దాకా కొట్టింది. గ్రేవీ, పుడింగ్ పరుగున వచ్చి దాంట్లో దూరి, ఒకదాని మీద ఒకటి పడుకుని కువకువలాడాయి.

"శనివారం వస్తాను" అన్నాడు విల్ఫ్, హెట్టీ కళ్ళలోకి చూస్తూ. "అప్పటికీ ఇలాగే కలిసి పడుకుంటే మీ ఇంట్లోనే ఉంటాయి. బెంగపడితే మాత్రం లీడ్స్‌లో మా పిన్ని తీసుకుంటానంది."

"బెంగా! మా ఇంట్లోనా!" అంది హెట్టీ.

అన్నదే గాని, ఆ క్షణం నుంచి శనివారం ఆమె నెత్తి మీద కూర్చుంది.

హెట్టీ వాళ్ళ అమ్మ బస్సు నడుపుతుంది. ఇల్లు నడిపేది అమ్మమ్మ. యార్క్‌షైర్ కొండవాలులో వాళ్ళ వీధి వీధంతా మసిబారిన రాతి ఇళ్ళే. అయినా చుట్టం వస్తున్నాడంటే చాలు, అమ్మమ్మ మోకాళ్ళ మీద కూర్చుని గుమ్మం రాయి బ్రష్షుతో తోమి తోమి అద్దం చేస్తుంది. "గుమ్మం చూస్తే మనిషి తెలుస్తాడు" అంటుంది. విప్పిన బట్ట నేల తాకకముందే సబ్బునీళ్ళలో ఉంటుంది ఆ ఇంట్లో.

ఆ చేతుల్లో పెరిగిన పిల్ల హెట్టీ. బుధవారం పొద్దున పంజరం చూసింది. ముక్కు మూసుకుంది. 'విల్ఫ్ వచ్చేసరికి ఇది తళతళలాడాలి. చూసి నోరు తెరవాలి' అనుకుంది.

విల్ఫ్ ఇచ్చి వెళ్ళిన కాగితం మీద ఏడో నంబరు ఆమెకి గుర్తుంది. 'టోపీ ఉతకొద్దు. అన్నీ ఒకేసారి అస్సలు కడగొద్దు.'

'మగపిల్లలంతే. ఉతకడం అంటే బద్ధకం. దానికో నంబరు కూడా వేశాడు' అనుకుంది.

డేగూలని అట్టపెట్టెలోకి పంపింది. పాత గడ్డి అంతా ఊడ్చి కాగితం సంచీలో కూరింది. అవి పొర్లే గిన్నెలో ఇసుక కూడా అందులోనే పోసింది. సంచీ మూతి మడిచి, వీధిలో తోట చెత్త వేసే గోధుమరంగు డబ్బాలో పడేసి వచ్చింది.

అమ్మమ్మ వేడినీళ్ళు, లావెండర్ సబ్బు పట్టుకుని తయారు. చెరో పక్కన చేరి కడ్డీలు, అరలు, చక్రం అన్నీ తోమేశారు. అమ్మమ్మ రెండు వేళ్ళతో టోపీ పైకెత్తింది.

"ఏ రాజుగారి కాలం నాటిదే ఇది? ఉతకొచ్చా? ఆ కుర్రాడు కాగితంలో ఏమన్నా రాశాడా?"

హెట్టీ ఒక్క క్షణం ఆగింది.

"ఏం లేదు. ఉతుకు" అంది.

పదకొండింటికల్లా పంజరం పెళ్ళికూతురిలా ఉంది. కొత్త గడ్డి, కొత్త ఇసుక. హీటర్ మీద ఆరిన టోపీ నిజంగా నీలం రంగే! హెట్టీ గర్వంగా తలుపు తెరిచింది.

గ్రేవీ లోపలికి రెండడుగులు వేసి ఆగిపోయింది. గాలి పీల్చింది. కిర్‌ర్‌ర్ అని పళ్ళు నూరింది. వెనకే వచ్చిన పుడింగ్‌ని తేరిపార చూసింది. కడిగిన అరలు తాకి పుడింగ్‌కీ లావెండర్ అంటుకుంది. ఎవరిది ఈ మొహం అన్నట్టు గ్రేవీ వెనక్కాళ్ళ మీద లేచింది. పుడింగూ లేచింది. రెండూ ముందుకాళ్ళతో ఫెడీ ఫెడీమని కొట్టుకున్నాయి.

"అయ్యో, అక్కాచెల్లెళ్ళు కాదుటే ఇవి?" అంది అమ్మమ్మ.

గంట గడిచింది. గ్రేవీ పై మూల, పుడింగ్ కింది మూల. మధ్యలో శుభ్రమైన టోపీ, ఖాళీగా. తినలేదు, కువకువలాడలేదు. పుడింగ్ ఒంటరిగా గోడకి ఆనుకుని వణుకుతోంది.

హెట్టీ పంజరం ముందు చతికిలబడింది. శనివారం గుర్తొచ్చింది. విల్ఫ్‌కి చెబితే ఇవాళే వచ్చి పట్టుకుపోతాడు. చెప్పకపోతే? ఇంకా మూడు రోజులుంది. వాటంతటవే సర్దుకుంటాయేమో.

పుడింగ్ మళ్ళీ వణికింది.

"అమ్మమ్మా" అంది హెట్టీ నేల చూపులు చూస్తూ. "రాశాడు. టోపీ ఉతకొద్దని కాగితంలో రాశాడు."

అమ్మమ్మ మనవరాలి వైపు చూసింది. తన చేతిలో సబ్బు వైపు చూసుకుంది. సబ్బు పక్కన పెట్టేసింది.

"ఫోన్ అక్కడుంది" అంది. అంతే అంది.

హెట్టీ అంతా చెప్పింది, ఏడో నంబరుతో సహా.

"వాటికి మొహాలు ముఖ్యం కాదు" అన్నాడు అటునుంచి విల్ఫ్. "వాసనే పేరు. వాసనే ఇల్లు. నువ్వు రెండూ కడిగేశావు."

"పట్టుకుపోతావా?" అంది హెట్టీ.

"ముందు చెప్పు, పాత గడ్డి ఉందా? ఇసుక?"

"సంచీలో కట్టి వీధి డబ్బాలో..."

అప్పుడే వీధి చివర బీప్, బీప్, బీప్‌మని వినిపించింది. చెత్త లారీ!

"ఆ పాత వాసనే కావాలి అమ్మమ్మా!" అంటూ హెట్టీ ఫోన్ వదిలేసి పరిగెత్తింది. వెనకాల అమ్మమ్మ. జుట్టుకి రోలర్లు, ఒంటికి ఏప్రను, కాళ్ళకి ఊలు చెప్పులు. వాన వెలిసిన వీధి నిండా బురద నీళ్ళు. లారీ వాళ్ళ డబ్బాని కొక్కేలకి తగిలించి పైకెత్తుతోంది.

"ఆపండీ!" అని అరిచింది హెట్టీ. లారీ హోరులో ఎవరికీ వినపడలేదు.

అమ్మమ్మ లారీ ముందుకెళ్ళి రెండు చేతులూ బార్లా చాపి నిలబడింది. ఒక చెప్పు జారి మురుగు గుంటలో పడింది. లెక్కచెయ్యలేదు. డబ్బాని ఎత్తుతున్న కొక్కేలు కుదుపుతో ఆగాయి.

చెత్త తీసే పెద్దాయన దిగొచ్చాడు. "ఏం పారేసుకున్నావు పెద్దమ్మా? ఉంగరమా?"

"కంపు!" అంది అమ్మమ్మ రొప్పుతూ. "మా కంపు పోయిందయ్యా బాబూ!"

ఆయన హెట్టీ వైపు చూశాడు. హెట్టీ అవునన్నట్టు గట్టిగా తలూపింది.

"ఇరవై రెండేళ్ళుగా ఈ పని చేస్తున్నా" అన్నాడాయన టోపీ సర్దుకుంటూ. "కంపు వెతుక్కుంటూ వచ్చినవాళ్ళని ఇదే చూడటం. లారీ నిండా ఉంది తల్లీ, ఎంత కావాలో తీసుకో!"

"మాది మాకిస్తే చాలు" అంది అమ్మమ్మ.

డబ్బా కిందికి దిగింది. సంచీ పైనే ఉంది, మడత కూడా విప్పుకోలేదు.

ఇంటికొచ్చేసరికి ఫోనులోంచి "హలో? హలో?" అంటూ విల్ఫ్ ఇంకా అరుస్తూనే ఉన్నాడు. అతను చెప్పినట్టే చేసింది హెట్టీ. పాత గడ్డి అరలన్నిటా పరిచింది. టోపీకి పాత గడ్డి రుద్దింది. పాత ఇసుక గిన్నెలో పోసి మొదట గ్రేవీని పొర్లనిచ్చింది, అదే ఇసుకలో తర్వాత పుడింగ్‌ని. ఇంకేం చెయ్యాలని అడిగితే విల్ఫ్, "ఏమీ చెయ్యకు. కూర్చో" అన్నాడు.

హెట్టీకి అన్నిటికన్నా కష్టమైన పని అదే. అయినా పంజరం పక్కన కూర్చుంది.

గురువారం రెండూ పక్కపక్కన నిలబడి గడ్డి తిన్నాయి. ఎడమొహం పెడమొహంగానే. సాయంత్రానికి ముక్కూ ముక్కూ రాసుకున్నాయి.

శుక్రవారం హెట్టీ మళ్ళీ ఫోన్ చేసింది. "మా ఇంటి వాసన కూడా వాటికి అలవాటు చెయ్యాలంటే ఏం చెయ్యను? నువ్వు చెప్పాకే చేస్తాను."

"ఉతకనిది ఏదైనా పెట్టు" అన్నాడు విల్ఫ్.

హెట్టీ ఇల్లంతా గాలించింది. ఉతకని బట్ట ఒక్కటి దొరికితే ఒట్టు! చివరికి పెరటి గుమ్మం దగ్గర అమ్మమ్మ ఊలు చెప్పులు కనిపించాయి. ఒకటి మురుగులో మునిగింది. రెండోది మాత్రం కాలికే ఉండిపోయిన చెప్పు. బురద ఎండాక రెండూ ఉతకాలని తీసి పెట్టింది అమ్మమ్మ.

"అది ఆరు నెలలుగా నా కాలికుందే!" అంది అమ్మమ్మ సిగ్గుపడుతూ.

"అదే కావాలి" అంది హెట్టీ. విల్ఫ్‌ని అడిగింది. రబ్బరు అడుగు ఉంటే తీసెయ్యమన్నాడు, కొరికి మింగుతాయట. అమ్మమ్మ కత్తెర తెచ్చి నిట్టూరుస్తూ తన చెప్పు అడుగు తనే కోసింది.

శనివారం వచ్చింది. విల్ఫ్ వచ్చాడు. కోటు విప్పకుండానే పంజరం దగ్గరికి వెళ్ళాడు.

టోపీ ఖాళీగా ఉంది.

హెట్టీ గబగబా దగ్గరికొచ్చింది. పొద్దున లేచి చూసినప్పుడు టోపీలోనే ఉన్నాయి మరి! విల్ఫ్ మొహం వాడిపోయింది. ఏదో అనబోయి కింది అర వైపు చూశాడు.

చెప్పులోంచి రెండు తోకలు వేలాడుతున్నాయి. రెండు బ్రష్షులూ పక్కపక్కన. లోపల ఎక్కడినుంచో కువకువ, కువకువ.

విల్ఫ్ ముక్కు లోపల పెట్టి వాసన చూశాడు. "ఛీ!" అన్నాడు. మొహం చేటంతయింది. "అచ్చం గ్రేవీ వాసన. అచ్చం పుడింగ్ వాసన. ఇంకేదో కూడా ఉంది."

"అది నేను" అంది అమ్మమ్మ.

ముగ్గురూ పడీ పడీ నవ్వారు. విల్ఫ్ చెయ్యి చాపితే గ్రేవీ కళ్ళు నులుముకుంటూ వచ్చి స్వెట్టర్ మీదుగా భుజమెక్కింది. పుడింగ్ ఇంకో భుజం ఎక్కింది. గంటసేపు వాటికి అతనే కొండ, అతనే చెట్టు. లీడ్స్ పిన్ని మాట ఎవరూ ఎత్తలేదు.

వెళ్ళే ముందు విల్ఫ్ కాగితం అడిగి తీసుకుని, ఏడో నంబరు పక్కన పెన్సిలుతో 'అమ్మమ్మ చెప్పు కూడా' అని రాశాడు. అతని స్వెట్టర్ నిండా గడ్డి పీచు.

అమ్మమ్మ చూపు దాని మీద పడింది. మూడు రోజులుగా పంజరం తోమక చేతులు దురద పెడుతున్నాయి పాపం. సబ్బు దాకా వెళ్ళి ఆగింది.

"హెట్టీ, ఇది ఉతకొచ్చా?"

హెట్టీ నోరు తెరిచింది. మూసేసింది. విల్ఫ్ వైపు తిరిగింది.

"విల్ఫ్, ఉతకొచ్చా?"

"తప్పకుండా ఉతకాలి!" అన్నాడు విల్ఫ్. "ఈ దుమ్ముతో ఇంటికెళ్తే చెల్లికి పిల్లికూతలొస్తాయి."

ఆ మాట కోసమే ఉన్నట్టు, విల్ఫ్ విప్పిన స్వెట్టర్ నేల తాకకముందే అమ్మమ్మ అందుకుంది.