రక్తం తిరిగి వచ్చినప్పుడు

"గుండెలో మూసుకున్న రక్తనాళాన్ని తెరవమని నువ్వే కదా డాక్టర్లకి చెప్పావు. ఆసుపత్రికి వెళ్తూ కూడా నా తమ్ముడు ఫోనులో నాతో నవ్వుతూ మాట్లాడాడు... తెరిచాకే పోయాడు."

తమ్ముడు పోయాక ఆడపడుచు ఆ ఇంటి గుమ్మం తొక్కడం ఇదే మొదలు. వచ్చి కూర్చుంటూనే అన్న మాట ఇది. ఇల్లాలు కుట్టుమిషను ఆపి తల వంచుకుంది. ఏడాదిగా తనను తాను అడుగుతున్న ప్రశ్నే అది.

పరిశోధనశాలలో పనిచేసే కూతురు మిషను మీది దారం తెంపి, మేనత్త వేలికి బిగించి చుట్టింది. వేలు పాలిపోయింది. కాసేపాగి వదులు చేసింది.

"చురుక్కుమంటోందే!"

"రక్తం తిరిగొచ్చేటప్పుడు అంతే అత్తా. అప్పటిదాకా రక్తం అందని గుండె ఒక్కసారిగా వచ్చిన ఆ పోటుని తట్టుకోలేదు. కొంత అప్పుడే దెబ్బతింటుంది. అలాగని తెరవకపోతే ఇంకా ఎక్కువ చచ్చిపోతుంది. అమ్మ సరిగ్గానే చెప్పింది. మేం ఎలుకల గుండె రక్తనాళానికి ఇలాగే దారం బిగించి వదులుతాం. ఒంట్లో కొవ్వు నుంచి వచ్చే హార్మోను ఒకటుంది. అది బాగా ఉన్నవాటికి ఆ దెబ్బ తక్కువ తగులుతోంది."

"కొవ్వు నుంచా? అయితే మీ నాన్నకి దానికేం కొదవే? బొద్దుగాడు కదా!"

కూతురు ఆ వేలి మీది దారం విప్పి తీసేసింది. "పొట్ట పెరిగేకొద్దీ ఆ హార్మోను తగ్గిపోతుంది అత్తా..."

ఆడపడుచు వేలు నిమురుకుంది. "అమ్మ పోయేనాటికి వాడు పుల్లలా ఉండేవాడు. నా పళ్ళెంలోది కూడా వాడికే పెట్టేదాన్ని. బుగ్గలొచ్చాయని వీధంతా తిప్పి చూపించాను..."

ఇల్లాలికి భర్త చొక్కాలు గుర్తొచ్చాయి. ఏటా కుట్లు విప్పి వెడల్పు చేస్తుంటే, పక్కన కూర్చుని, "ఇంకో అంగుళం గుడ్డ లోపల దాచవోయ్, వచ్చే ఏటికి" అనేవాడు. తనూ నవ్వుతూ దాచేది... ఆ నవ్వులో భయమన్నదే ఉండేది కాదు.

"వదినా, తెరిచాక ఆయనకి కాసేపు తెలివొచ్చింది. 'అక్క బయలుదేరిందా? దారిలో ఏమైనా తిందో లేదో' అన్నారు. మీకు చెబుదామంటే మీరు నా ముఖమే చూడలేదు."

ఆడపడుచు కుర్చీ దగ్గరికి జరుపుకుంది.

"వాడు ఎలా అన్నాడో అలాగే చెప్పు."

ఇల్లాలు చెప్పింది.

"కాదు, 'అక్క' అని వాడు అంత గట్టిగా అనడు. మెల్లగా అంటాడు."

ఇల్లాలు ఈసారి మెల్లగా చెప్పింది.