హైడన్ పెట్టిన రెండు చుక్కలు

టేపులో మాట కంటే ముందు ఊపిరి వినిపించింది.

మెషీన్‌తో మార్చిన గొంతు అది. ఆడో మగో తెలియదు. ఆదివారం పొద్దుటి కచేరీ కాగానే బయలుదేరతానని, నాదర్‌గుల్ ఎయిర్‌స్ట్రిప్‌లో విమానాన్ని మధ్యాహ్నం పన్నెండు దాకా ఆపమని చెప్పింది. ఇంటెలిజెన్స్ చీఫ్ రామమోహనరావు టేపు ఆపాడు. క్షిపణి ల్యాబ్ నుంచి కందిగింజంత సెన్సార్ పోయింది. కొనేది విదేశీ ముఠా. ఆపరేషన్ కోడ్ నేమ్ మినుయెట్.

"మోసేది మీ క్వార్టెట్‌లో, ఆ నలుగురిలో మనిషేనయ్యా. చెల్లో వాయించే గౌతమో, రెండో వయొలిన్ అమలో. నువ్వూ సూర్యప్రభా మన ఏజెంట్లే కదా, కన్నేసి ఉంచండి."

మహిపాల్ టేపు మళ్ళీ వేయించుకున్నాడు. క్వార్టెట్‌కు ముందు నిలబడి చేతులూపేవాడు ఉండడు. మొదటి వయొలిన్ మనిషి ముక్కుతో చిన్నగా ఊపిరి లాగితే మిగతా ముగ్గురూ దాని మీద విల్లు ఆనిస్తారు. ఎనిమిదేళ్ళుగా అతను వాయిస్తున్నది ఈ ఊపిరి మీదే. నల్లగొండ నుంచి కానిస్టేబుల్‌గా వచ్చిన తన చేతికి, వయొలిన్ కంటే కాస్త పెద్దదైన వయోలా ఇచ్చి, వాయించడం నేర్పి, ఏజెంటును చేసిందీ ఈ ఊపిరి మనిషే.

"ఆమెనే సార్. సూర్యప్రభక్క."

చీఫ్ చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నాడు. ఊపిరి చూపించి అరెస్ట్ చేయలేనన్నాడు. సకల జనుల సమ్మెకు పోలీసంతా బందోబస్తులో ఉంది. సరుకు ఎక్కడ దాచిందో తెలియకుండా పట్టుకుంటే అది మళ్ళీ దొరకదు. "పన్నెండు దాటించు. విమానం దానంతటదే పోతుంది."

చైతన్యపురిలో సమ్మెకు మూతబడ్డ కోచింగ్ సెంటర్ పైఅంతస్తులో కచేరీ. సూర్యప్రభ నల్ల పట్టుచీర కట్టింది. చెవులకు కెంపులు. మధ్యాహ్నం ఎల్బీ నగర్‌లో రాస్తారోకో ఉంది కాబట్టి రిపీట్లు వద్దని రిహార్సల్లోనే తేల్చేసింది. ఆవేళ వాయించేది హైడన్ రాసిన పాశ్చాత్య సంగీతం. ఆ కాలంవాళ్ళు సగం భాగం కాగానే గీత పక్కన రెండు చుక్కలు పెట్టేవారు. అంటే మొదటికి వెళ్ళి మళ్ళీ వాయించమని. తొందరున్నవాళ్ళు దాటేసి ముందుకు పోతారు.

ఆమె ఊపిరి లాగింది. నలుగురూ అందుకున్నారు.

చుక్కలు వచ్చాయి. మహిపాల్ వెనక్కి వెళ్ళాడు.

వయోలా ఒక్కటే గట్టిగా మొదటి వరస ఎత్తుకుంది. కాగితం మీద ఉన్నది వదిలేయడం గౌతమ్‌కు ఎప్పుడూ ఇష్టం లేదు. చెల్లో వెంటనే కలిసింది. అమల కలిసింది. స్టేజి మీద ఒంటరిగా ముందుకు పోలేక సూర్యప్రభ కూడా వెనక్కి రావలసి వచ్చింది. రెండో సగంలోనూ అంతే. వినడానికి వచ్చిన హాస్టల్ పిల్లలు ప్రతి భాగానికీ చప్పట్లు కొట్టారు. ప్రతిసారీ మహిపాల్ లేచి, వయోలా కుర్చీలో పెట్టి, నిదానంగా నమస్కారం చేశాడు.

"ఏంటి మహీ, ఇవాళ ఇంత భక్తి?" ఆమె పెదవులు కదలకుండా అడిగింది.

"నువ్వు నేర్పిందే గదక్కా. రాసింది రాసినట్టు వాయించాలె అని."

ఆమె నవ్వింది. ఆ నవ్వులోనే ఆమెకు తెలిసిపోయిందని అతనికి అర్థమైంది.

కచేరీ కాగానే ఆమె కారులో పక్కనే ఎక్కి కూర్చున్నాడు. దిగమంటే కారణం చెప్పాలి, అందుకని ఆమె కారు పోనిచ్చింది. ఎల్బీ నగర్ చౌరస్తాకు వచ్చేసరికి రోడ్డు మీద రాళ్ళ పొయ్యిలు లేచాయి. రోడ్డు మీదే వండి వడ్డించే నిరసన, వంటావార్పు మొదలైంది. కారు ఇక కదలదు. ఆమె వయొలిన్ పెట్టె సీటులో వదిలేసి, విల్లుకు రాసే రోజిన్ డబ్బా మాత్రం గుప్పిట్లో పెట్టుకుని దిగింది. జనానికి అవతల హెల్మెట్ మనిషి ఒకడు బండి స్టార్ట్ చేసి ఉన్నాడు.

సరుకు ఆ డబ్బాలోనే ఉందని మహిపాల్‌కు అర్థమైంది. పట్టుకోలేడు. నడిరోడ్డు మీద ఆడమనిషి చెయ్యి పట్టుకుంటే ఇంతమందీ అతన్ని బతకనివ్వరు.

"ఆ ముఠావోళ్ళు నీకెప్పట్నించి డబ్బులిస్తున్నరక్కా?" వెనకే నడుస్తూ అడిగాడు.

"నీకు వయోలా కొన్నది ఎవరి డబ్బనుకున్నావు?"

అతని కాళ్ళు ఆగిపోయాయి. ఆమె ఆగలేదు. హెల్మెట్ మనిషి చెయ్యి చాపాడు. ఆమె గుప్పిట ముందుకు వెళ్ళింది. ఆ మధ్యలోకి పొగలు కక్కే విస్తరి వచ్చింది.

"పట్టుకో బిడ్డా, చెయ్యి కాలుతాంది." యాదలక్ష్మి అనే పెద్దావిడ, చౌటుప్పల్ మనిషి, పొయ్యి దగ్గరి నుంచి లేచి వచ్చింది. "గీ తొవ్వల తినకుండ ఎవ్వలు పోవద్దు."

అక్కడ అన్నం కాదంటే అందరూ తలతిప్పి చూస్తారు. ఆమె కోస్తా యాసతో కాదంటే ఇంకా చూస్తారు. సూర్యప్రభ రెండు చేతులూ చాపక తప్పలేదు. డబ్బా జారి తారు మీద దొర్లింది. మహిపాల్ వంగి తీసుకున్నాడు. మూత తిప్పితే కందిగింజంత సెన్సార్ ఉంది. హెల్మెట్ మనిషి బండి తిప్పేశాడు. పన్నెండు దాటాక చిన్న విమానం ఒకటి నాదర్‌గుల్ వైపు నుంచి సరుకు లేకుండానే పోయింది.

ఆమె రోడ్డు మీద కూర్చుని పప్పన్నం తింటుండగానే, మహిపాల్ ఫోన్ చేసి పిలిచిన మఫ్టీ పోలీసులు వచ్చారు. అతను అటు చూడలేదు.

సాయంత్రం చీఫ్ ఫోన్ చేసి ఏజెంటు పనికి ముసుగుగా ఉన్న ఈ వాయిద్యం ఆపొద్దన్నాడు. మొజార్ట్ ముగ్గురికి కూడా ఒకటి రాశాడట కదా, అదే వాయించమన్నాడు.

"రాసిండు సార్," అన్నాడు మహిపాల్. "గా ముగ్గుర్ల మనోళ్ళు ఎవలో, జర ముందుగాల చెప్పుండ్రి."