దుర్గమ్మ ఇటుక

"గట్టిగా చెప్పు భాగ్యశ్రీ. చివరి బెంచీకి వినబడాలి," అంది కమలాకుమారి టీచర్.

మధ్యాహ్నం భోజనాలు అయిపోయాయి. తరగతి గదిలో ఇంకా పప్పుచారు వాసన వేస్తూనే ఉంది. ఏడో తరగతి భాగ్యశ్రీ బోర్డు ముందు చేతులు కట్టుకుని నిలబడింది. శనివారం నారాయణగూడలోని ఒక పెద్ద బడిలో ప్రసంగాల పోటీ ఉంది. విషయం, శాంతి కోసం పాటుపడినవాళ్లు. ఈ బడి తరఫున టీచర్ ఆమె పేరే ఇచ్చింది.

"గాంధీజీ, నెల్సన్ మండేలా, మదర్ థెరిసా..." పేర్లు వరుసగా వచ్చాయి. ఆ తర్వాత మాట రాలేదు.

చివరి బెంచీలో మనీష కిటికీ వైపు తిరిగి కూర్చుంది. రోజూ అయితే మొదటి బెంచీలో ఉండేది. భాగ్యశ్రీ ఏ మాట మరిచిపోతే ఆ మాటను చప్పుడు లేకుండా పెదాలతో అందించేది.

"నిన్న మంచిగనే చెప్పినవు కదా. ఇవ్వాళ ఏమైంది?"

"గొంతు నొస్తుంది టీచర్."

గొంతు బాగానే ఉంది. పాడైంది వేరే.

భాగ్యశ్రీ వాళ్లు ఉండేది అశోక్‌నగర్‌లో మురుగు నాలా పక్కన ఒక గల్లీలో. అక్కడ వరుసగా కిరాయి గదులు. అన్నిటికీ కలిపి ఒకటే నల్లా. నీళ్లు రోజు విడిచి రోజు పొద్దున్నే వస్తాయి. అందుకని ముందు రోజు సాయంత్రమే లైన్ కడతారు. లైన్లో నిలబడేది మనుషులు కాదు, వస్తువులు. ఒకరిది పగిలిన బకెట్, ఒకరిది నూనె డబ్బా, ఒకరిది చిల్లుపడ్డ బిందె. వస్తువు ఎక్కడుంటే ఆ ఇంటి వంతు అక్కడ. దాన్ని ఎవరూ జరపరు. తాగి తూలుతూ వచ్చేవాడు కూడా ఆ లైన్ దగ్గరికి వచ్చేసరికి చూసుకుని పక్కనుంచి పోతాడు.

మనీష వాళ్లమ్మ దుర్గమ్మ పెట్టేది ఒక ఇటుక. దానికి ఎర్ర గుడ్డ కట్టి ఉంటుంది.

నిన్న సాయంత్రం భాగ్యశ్రీ ఆ ఇటుకను తీసింది. పోటీలో మైకు ఎత్తులో ఉంటుందట. ఎత్తు మీద నిలబడి మాట్లాడడం అలవాటు చేసుకోవాలనుకుంది. గదుల వెనక గోడ దగ్గర ఇటుక వేసుకుని, దాని మీద నిలబడి, తీగ మీద ఆరేసిన చీరలూ లుంగీలే జనం అనుకుని, శాంతి గురించి మొత్తం చెప్పింది. ఒక్క మాట కూడా తడబడలేదు. అయిపోగానే ఇటుకను మళ్లీ పెట్టేద్దామనుకుంది. ఇంతలో అమ్మ కేకేసి చింతపండు తెమ్మని కొట్టుకు పంపింది. వెళ్లి వచ్చేసరికి ఇటుక సంగతి మనసులో లేదు.

పొద్దున లైన్లో ఇటుక లేదు. దాని వెనకున్నది భాగ్యశ్రీ వాళ్లమ్మ మాసమ్మ బకెట్. అది ముందుకు జరిగింది. దుర్గమ్మ చివరికి పోవాల్సి వచ్చింది. ఆమె బిందె పెట్టేసరికి నల్లా గాలి దగ్గింది. అంతే, నీళ్లు బంద్.

దుర్గమ్మ సాయంత్రాలు జొన్నరొట్టెలు చేసి అమ్ముతుంది. హాస్టళ్లలో ఉండి సర్కారు కొలువుల పరీక్షలకు చదువుకునే పిల్లలు ఆమె రొట్టెల కోసం వచ్చి నిలబడతారు. నీళ్లు లేకపోతే పిండి తడిపేదెట్లా?

"నా ఇటుక ఎనుక నీ బకెటే ఉండె అక్క. ఇటుకకు కాళ్లొచ్చినయా?" అంది దుర్గమ్మ.

"నేను తీసిన్నంటవా? నీ ఒక్క ఇటుకతోని నేనేం మేడ గడ్తనే?"

"మేడ గట్టకున్నా నీళ్లు వట్టుకున్నవు గదా."

గదుల్లోంచి అందరూ బయటికి వచ్చారు. మాసమ్మ మొహం ఎర్రబడింది. జడ వేసుకుంటున్న భాగ్యశ్రీని రెక్క పట్టి లాగి, నెత్తి మీద చెయ్యి పెట్టింది.

"నా బిడ్డ మీద ఒట్టు. నేను గాని, నా ఇంట్లోళ్లు గాని ఆ ఇటుకను ముట్టలే."

అమ్మ చెయ్యి తడిగా, బరువుగా ఉంది. చెప్పాల్సింది అప్పుడే. భాగ్యశ్రీ నోరు తెరవలేదు.

"గీ ఒట్లు నాకొద్దు," అంది దుర్గమ్మ. "నెల ఎల్లంగనే ఖాళీ జేసి బోరబండల మా అక్క తానికి పోతం. మనీషను ఆడనే బడిల ఏస్తం. పీడ వోతది."

రెండు ఇళ్లవాళ్లదీ పాలమూరు దిక్కు ఒకే ఊరు. భాగ్యశ్రీ నాన్న చెన్నయ్య తాపీ మేస్త్రీ. మనీష నాన్న ఎల్లేశం సిమెంటు మాలు కలిపి అందిస్తాడు. ఇద్దరూ జోడీగా పని కోసం కూలీల అడ్డా మీద నిలబడతారు. ఇవ్వాళ ఎవరి దారిన వాళ్లు పోయారు.

సాయంత్రం బెల్లు కొట్టాక కమలాకుమారి టీచర్ భాగ్యశ్రీని ఆపింది.

"నీ ప్రసంగంలో పేర్లు ఎక్కువైనయి. బస్సు మీద ఊర్ల పేర్లు చదివినట్టుంది. అన్నీ తీసెయ్యి. ఒక్క సంగతి చెప్పు, చాలు."

"ఏ సంగతి టీచర్?"

టీచర్ కుర్చీ జరుపుకుని కూర్చుంది. ఆఫ్రికాలో లైబీరియా అనే దేశం ఉందనీ, అక్కడ ఏండ్ల తరబడి యుద్ధం జరిగిందనీ చెప్పింది. లేమా బోవీ అనే ఆవిడ, ఆమెతో ఇంకా ఎందరో ఆడవాళ్లు తెల్లబట్టలు కట్టుకుని, చేపల మార్కెట్ దగ్గర ఖాళీ జాగాలో కూర్చున్నారట. చర్చికి పోయేవాళ్లూ, మసీదుకు పోయేవాళ్లూ పక్కపక్కనే. యుద్ధం ఆపండి అన్నది ఒక్కటే వాళ్ల మాట. ప్రెసిడెంట్ కార్లు ఆ దారినే పోయేవట.

"కార్లు ఆగినయా టీచర్?"

"ఆగలేదు."

"మరి ఏం జేసిన్రు?"

"మర్నాడు మళ్లీ వచ్చి కూర్చున్నరు. ఎండలో, వానలో."

"ఎవరన్న నవ్వలేదా?"

"నవ్వే ఉంటరు."

"ఆఖరికి యుద్ధం ఆగిందా?"

"ఆగింది. కానీ అట్ల కూర్చున్న రోజు వాళ్లకు ఆ సంగతి తెల్వదు కదా," అంది టీచర్, బ్యాగు సర్దుకుంటూ.

భాగ్యశ్రీకి ఆ మాటతో ధైర్యమేమీ రాలేదు. ఇంకా దిగులేసింది. వాళ్లు తమ తప్పు లేకుండానే వెళ్లి కూర్చున్నారు. తనదేమో తను చేసిన తప్పు.

చిక్కడపల్లి మెయిన్ రోడ్డు మీద మనీష అవతలి వైపు నడుస్తోంది. మధ్యలో ఆటోలు, బస్సులు. ఒకసారి ట్రాఫిక్ ఆగినప్పుడు ఇద్దరి కళ్లూ కలిశాయి. మనీష బ్యాగు భుజం మార్చుకుని గబగబా ముందుకు పోయింది.

ఇంటికి వచ్చేసరికి నాన్న గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. పని దొరకలేదు.

"జోడీ లేకుంటే ఎవ్వడు పిలుస్తలేడు," అన్నాడు. "ఎల్లేశం గూడ ఉత్తగనే మర్లిండు. అటు దిక్కు నిలవడ్డడు. నా మొఖం జూడలే."

"సూడకుంటే సూడకపాయె," అంది మాసమ్మ. కానీ ఆమె గొంతులో పొద్దున్నటి జోరు లేదు.

నాన్న బీడీకని బయటికి పోయాక భాగ్యశ్రీ అమ్మ దగ్గరికి వెళ్లింది. మాసమ్మ బియ్యం ఏరుతోంది.

"అమ్మ. ఇటుక నేనే తీసిన."

మాసమ్మ వేళ్లు చాటలో ఆగిపోయాయి.

"స్పీచ్ కోసం తీసిన. మళ్ల వెడదామనుకున్న. మర్చిపోయిన."

కొట్టి ఉంటే బాగుండేది. మాసమ్మ కొట్టలేదు. లేచి తలుపు దగ్గరికి వేసింది.

"ఎవరికన్న చెప్పినవా?"

"లే."

"చెప్పకు."

"గని అమ్మ..."

"చెప్పకంటున్న గదా. అందరి ముంగట నీ నెత్తి మీద చెయ్యి వెట్టి ఒట్టేసిన. ఇప్పుడు గల్లీల నా మొఖం ఏడ వెట్టుకోను? దొంగ ఒట్టు వెట్టిందంటరు. నోరు మూసుకొని చదువుకో."

ఆమె మళ్లీ చాట అందుకుంది. రాళ్లు ఏరడం మానేసి, బియ్యాన్ని ఊరికే అటూ ఇటూ తోస్తూ కూర్చుంది. భాగ్యశ్రీ పుస్తకం తెరిచింది. ఒక్క అక్షరం కూడా కంటికి ఆనలేదు. తప్పు చెప్తే బరువు తగ్గుతుందని పెద్దవాళ్లు అంటారు. చెప్పాక అది ఇద్దరి మీదా పడింది.

శనివారం పోటీ జరిగింది. పొట్టి పిల్లల కోసం మైకు ముందు ఎత్తుపీట వేశారు. భాగ్యశ్రీ దాని మీదికి ఎక్కలేకపోయింది. కాలు రాలేదు. పీట పక్కనే నిలబడి, చేపల మార్కెట్ దగ్గర కూర్చున్న ఆడవాళ్ల గురించి చెప్పింది. మాట మైకుకు అందలేదు. ముందు వరుసలో ఉన్నవాళ్లకే ఏదో కొంత వినబడింది. ప్రైజు నిహారిక అనే వేరే బడి అమ్మాయికి వచ్చింది.

"బాధపడకు. మంచిగనే చెప్పినవు," అంది టీచర్.

"లేదు టీచర్," అంది భాగ్యశ్రీ. ప్రైజు గురించి ఆమెకు బాధ లేదు. వాళ్లు మర్నాడు మళ్లీ వచ్చి కూర్చున్నారు అని తన నోటితోనే చెప్పింది. తనేమో ఒక్కసారి కూడా పోలేదు.

ఇంటికి వచ్చి, యూనిఫాం కూడా మార్చుకోకుండా, వెనక గోడ దగ్గరున్న ఇటుకను తీసుకుని దుర్గమ్మ గది ముందుకు వెళ్లింది. లోపల రొట్టె తడుతున్న చప్పుడు. గది మూలన అప్పుడే రెండు మూటలు కట్టి ఉన్నాయి.

"చిన్నమ్మ, ఇటుక నేను తీసిన. అమ్మ తియ్యలే. అమ్మకు తెల్వదు అప్పుడు."

దుర్గమ్మ చేతులు తుడుచుకుంది. ఇటుక వైపు చూసింది. పిల్ల వైపు చూసింది.

"మీ అమ్మ తోలిందా?"

"లే. అమ్మ చెప్పొద్దన్నది."

అనేశాక తెలిసింది, ఏమన్నదో. దుర్గమ్మ మొహం ఇంకా గట్టిపడింది.

"అంటే ఆమెకు ఎరుకైనంక గూడ ఊకున్నదన్నట్టు. మంచిగుంది. ఇటుక ఆడ వెట్టి పో."

"చిన్నమ్మ, మనీషను..."

"పో అంటున్న గదా."

మనీష లోపల పిండి గిన్నె పట్టుకుని నిలబడి ఉంది. తలుపు పడింది.

ఆ సాయంత్రం మాసమ్మ కూతురితో మాట్లాడలేదు. అన్నం కంచం కొంచెం గట్టిగానే నేల మీద పెట్టింది. గల్లీలో అప్పటికే మాట పాకింది. నల్లా దగ్గర ఇద్దరు ఆడవాళ్లు మాసమ్మను చూసి మాటలు ఆపేశారు. ఉన్నదంతా తనే చెడగొట్టిందని భాగ్యశ్రీకి అనిపించింది. చెప్పకముందూ చెడింది, చెప్పాకా చెడింది. ఇక చేయడానికి ఏమీ మిగల్లేదు.

ఆదివారం సాయంత్రం రొట్టె చప్పుడు మొదలుకాగానే ఆమె వెళ్లి దుర్గమ్మ గడప ముందున్న మెట్టు మీద కూర్చుంది.

"మళ్ల ఎందుకొచ్చినవు?" తలుపు సందులోంచి దుర్గమ్మ అడిగింది.

"ఊకెనే చిన్నమ్మ."

"ఊకెనే ఐతే మీ ఇంటి ముంగట కూసో."

తలుపు మళ్లీ పడింది. భాగ్యశ్రీ లేవలేదు. దారిన పోయే ఇద్దరు పిల్లలు, "మీ ఇంట్లకెళ్లి ఎల్లగొట్టిన్రా ఏంది?" అని నవ్వారు. ఆమె మోకాళ్ల మీద గడ్డం పెట్టుకుంది. దోమలు కుట్టాయి. చినుకులు మొదలయ్యాయి. పైన రేకు అంచు నుంచి నీళ్లు సరిగ్గా భుజం మీదే కారాయి.

ఎవరో వచ్చి దగ్గర నిలబడ్డారు. మాసమ్మ.

"లే. తడుస్తున్నవు."

"నేను లేవ అమ్మ."

మాసమ్మ కొంగు నెత్తి మీదికి లాక్కుంది. తర్వాత మూసిన తలుపు వైపు తిరిగి, గల్లీకంతా వినబడేటట్టే అంది.

"దుర్గా. నా బిడ్డనే తీసింది. ఒట్టేసినప్పుడు నాకు ఎరుక లేదు. ఎరుకైనంక గూడ ఊకున్న. అది నా తప్పు."

లోపల రొట్టె చప్పుడు ఆగింది. ఆ తర్వాత మళ్లీ రొట్టె చప్పుడు మొదలైంది. ఎవరూ రాలేదు.

మాసమ్మ కళ్లు తుడుచుకుంది. "చూసినవు గదా. తలుపు తియ్యది. పా, ఇంటికి పోదాం."

"నువ్వు పో అమ్మ," అంది భాగ్యశ్రీ. "నేను జరసేపు కూసుంటా. రేపు గూడ వస్తా."

ఆమె మెట్టు మీద ఒక పక్కకు జరిగింది. మాసమ్మ కాసేపు అటూ ఇటూ చూసి, తడిసిన ఆ మెట్టు మీదే కూతురి పక్కన కూర్చుంది.