మూడేళ్ల తుడుపు

నాలుగో విచారణ పదకొండు నిమిషాల్లో ముగిసింది. హైమావతి బొటనవేలి ముద్ర వేసి, ఐదోది చదవమని తీర్పు యంత్రం తులనికకు సైగ చేసింది. ముద్ర వేయడమే ఆమె ఉద్యోగం. కొలత, తీర్పు తులనికవి.

"బొడ్డు పైడిరాజు. ఉప్పు మడుల కూలీ. తాళం పగలగొట్టి కుట్టుమిషను దొంగిలించాడు. ప్రేరణ: నీలిబిళ్ళ మత్తు కోసం దాహం, నూటికి తొంభై మూడు పాళ్లు. శిక్ష: మూడేళ్ల తుడుపు. దాహం పుట్టిన రోజు నుంచి నేటి వరకు జ్ఞాపకం మిగలదు."

నియమం ప్రకారం సొమ్ము పోయినవారు నేరస్థుడి పక్కనే నిలబడాలి. అప్పలనరసమ్మ అతడికి జానెడు దూరంలో నిలబడి ఉంది.

"మిషను పట్టుకుపోనాడు గానీ, ఎల్తా ఎల్తా తలుపు దగ్గరకేసినాడమ్మా," అందామె. "కుక్కలు దూరతాయని గావాల. పెద్ద మర్యాదస్తుడు."

పైడిరాజు తల ఎత్తలేదు. "తప్పేనమ్మా. బిళ్ళ లేకపోతే ఒళ్ళంతా సీమలు పాకినట్టుంటాది. తుడిసేయండి. కానీ పిల్ల పుట్టి రెండేళ్ళే అయినాది."

"పిల్ల సురక్షితం," అంది తులనిక. "తుడుపు తర్వాత మీకు కొత్తగా పరిచయం చేస్తారు."

"పేరైనా ఉంచండి. నానే ఎట్టినాను."

"పేరు ఆ మూడేళ్లలో రెండో ఏట ఉంది. విడదీయడం కుదరదు."

అప్పలనరసమ్మ కొంగు సర్దుకుంది.

ముద్ర పలక వెలిగింది. హైమావతి వేలు దాని మీదికి వెళ్ళి ఆగింది. పదకొండేళ్ళలో ఆమె వేలు ఎప్పుడూ ఆగలేదు. పలక అంచున నిరాకరణ మీట ఉంది. దాని మీద దుమ్ము పేరుకుంది. ఆమె దాన్ని నొక్కింది.

"కారణం?" తులనిక తెర మీద ఆరు కారణాలు చూపింది.

"ఇందులో లేదు," అంది హైమావతి.

"ఒక తీర్పు ఆగితే అదే కొలతతో వేసినవన్నీ ఆగాలి. నేడు అమలు కావలసిన తుడుపులు నాలుగువందల పన్నెండు. ఆపమంటారా?"

ఆ నాలుగువందల పన్నెండు మందిలో తుడుపు కావాలని తపించేవాళ్ళూ ఉంటారు. వాళ్ళ చేతుల్లో నష్టపోయినవాళ్ళూ ఉంటారు. తన ఉద్యోగం సాయంత్రం దాకా కూడా ఉండకపోవచ్చు.

"ఆపు," అంది.

గోడ మీద వెలుగుతున్న నేటి తుడుపుల పేర్లు ఒక్కొక్కటే మసకబారాయి. పక్క గదుల్లో తులనికలు వరసగా మౌనమయ్యాయి. ఎవరో తలుపు తీసి, కరెంటు పోయిందా అని అడిగారు.

"అయితే ఈడికి శిక్షేటమ్మా?" అంది అప్పలనరసమ్మ. "నా మిషను మాటేటి? ఆ మిషనే నా కూడు."

జవాబు కోసం హైమావతి అలవాటుగా తెర వైపు చూసింది. తెర ఖాళీగా ఉంది. ఆమె పైడిరాజు వైపు తిరిగింది.

"మొదటి బిళ్ళ ఎవరిచ్చారు? అక్కడి నుంచి చెప్పు," అంది. "అప్పలనరసమ్మ కూడా వింటుంది."

అతడు తల ఎత్తి, అప్పలనరసమ్మ వైపు తిరిగి, మొదటి బిళ్ళ నాటి నుంచి చెప్పడం మొదలుపెట్టాడు. తొందరపెట్టేవాళ్ళు ఎవరూ లేరు.