పాత గోదాముకి కొత్త బలి

మిట్టమధ్యాహ్నం పన్నెండు! ఇంచియోన్ నగర ఆకాశం నిండా కాటుక మేఘాలు... ఉరుములు ఎంత భీకరంగా గర్జించాయంటే, వీధిలో ఆగివున్న కార్లన్నీ ఒక్కసారిగా కుయ్యోమని ఏడ్చాయి! ఆ పేటలో గుడ్లగూబలు లేవు కనుక పావురాలే ఆ బాధ్యత తీసుకుని వికృతంగా కూశాయి.

నాగ్యోంగ్ నడిపే గేమింగ్ సెంటర్‌లో, ఏడో కుర్చీలో ఆమె చెల్లెలు సుల్బి... కళ్ళు తెల్లగా తేలిపోయాయి. చెయ్యి మాత్రం దానంతటదే మౌస్‌ను గిరగిరా తిప్పుతోంది!

పక్క కుర్చీలో తేసిక్ వికటంగా నవ్వాడు. ఇరవై ఏళ్ళ కిందట దేశమంతా కాల్చుకుచచ్చిన తుపాకుల ఆటలోని 'గోదాము' మ్యాపును కొత్త గేమ్ ఇంజన్‌లో ఇటుక ఇటుకా మళ్ళీ కడుతున్న క్షుద్రోపాసకుడతను. గోడలు లేచాయి, పెట్టెలు లేచాయి... ప్రాణం మాత్రం రాలేదు. అందుకే ఆ గోదాములో ఓటమెరుగని సుల్బి పేరును పసుపు కాగితంమీద ఎర్రసిరాతో రాసి తెరకు అంటించాడు. ఆ దేశంలో బతికున్న మనిషి పేరు ఎర్రగా రాయడమంటే చావు కోరడమే!

తెరమీద మ్యాపుకి వెలుగునీడలు అద్దే లెక్క నడుస్తోంది... తొంభై ఆరు శాతం.

"వంద అవగానే మీ చెల్లి ఊపిరి నా మ్యాపులోకి!"

"నీ నెత్తిన పిడుగుపడ! మూడేళ్ళు నా చేతి రామెన్ నూడుల్స్ తిన్నావు కదరా!"

"ఉప్పెక్కువ వేసేదానివి అక్కా."

నాగ్యోంగ్ ప్లగ్గు పీకేసింది. కంప్యూటర్ ఆగలేదు! మెయిన్ కట్టేసింది. సెంటరంతా చీకటైంది... అది మాత్రం ఆగలేదు!

తొంభై ఎనిమిది. సుల్బి పెదాలు నీలమయ్యాయి.

"కొత్తగా నేల కట్టావు కదా... ఆచారం ప్రకారం నేలదేవరకి పంది తల పెట్టి మొక్కావా?" అని నిలదీసింది నాగ్యోంగ్.

"పెట్టానుగా!" తేసిక్ తెరమీద వేలు పెట్టాడు. గోదాము నడుమ పంది తల. ఇంటర్నెట్‌లో ఉచితంగా దింపుకున్న బొమ్మ!

నాగ్యోంగ్ వంటగదిలోకి పరుగెత్తింది. మధ్యాహ్నానికి తెప్పించుకున్న పంది కాళ్ళు, ఒక గిన్నెడు కల్లు తెర ముందు పెట్టి సాష్టాంగపడింది.

"దేవరా, తల దొరకలేదు... కాళ్ళున్నాయి. సర్దుకో!"

తొంభై తొమ్మిది!

సుల్బి నోరు తెరుచుకుంది. వచ్చింది ముసలి కంఠం!

"ఇరవై ఏళ్ళుగా నా నేలమీద కోట్లమంది చచ్చారు. ఒక్కడూ నన్ను అవమానించలేదు! అడక్కుండా నా నేల ఎత్తుకొచ్చి, బొమ్మ పందిని పెడతావురా? కొరికితే పళ్ళు పళ్ళు కొట్టుకున్నాయి!"

ఎర్రసిరా కరిగింది... పాకింది... 'తేసిక్' అని మారింది!

"అక్కా! ప్లగ్గు పీకక్కా!"

"పీకానుగా నాయనా."

వంద. ప్రళయగర్జన! తేసిక్ వేళ్ళు, మోచేతులు, అరుపు... వరసగా తెరలోకి జారిపోయాయి.

సుల్బి గుండెల నిండా గాలి పీల్చింది. కళ్ళు నులుముకుని తెరకేసి చూసింది. గోదాము మధ్యలో తుపాకీ లేని మనిషొకడు చేతులూపుతున్నాడు.

"వాడెవడక్కా?"

"కట్టిన మేస్త్రి. కాల్చు."

కాల్చింది. ఆర్తనాదం! మూడు సెకన్లలో మళ్ళీ అక్కడే లేచి నిలబడ్డాడు. అప్పటికే నలుమూలల నుంచీ ఆటగాళ్ళు దిగుతున్నారు.

నీడలు మాత్రం అద్భుతంగా వచ్చాయి.