మూడో మెట్టు ఎవరిది?

ఉదయం ఎనిమిదింటికి టీచరు తన తెల్ల చొక్కా ఇస్త్రీ చేసుకుంటుంటే, తల్లి వచ్చి ప్లగ్గు పీకేసింది.

"ఇవాళ నువ్వెక్కడికీ వెళ్ళటం లేదు."

టీచరంటే స్కూల్లో పిల్లల్ని పరిగెత్తించే ఆటల టీచరు. ఒకప్పుడు ఎనిమిది వందల మీటర్ల పరుగులో పేరున్న మనిషి. ఆ రోజు పదకొండింటికి క్రీడాసంఘం సమావేశం ఉంది. గెలుపు కోసం నిషేధిత మందులు వాడి దొరికిన ఆటగాళ్ళని జీవితాంతం పోటీల్లోకి రానివ్వకూడదన్న తీర్మానం మీద వోటింగు. దాని కోసం పదేళ్ళుగా గొంతు చించుకున్నది టీచరే, ఆటగాళ్ళ తరఫున మాట్లాడాల్సిందీ ఆమే. కానీ రెండు నెలల కిందట పరుగులో మూడో స్థానంలో వచ్చి, మందుల పరీక్షలో దొరికిపోయింది ఆమె సొంత చెల్లెలు.

ఇంట్లో అందరూ పిడుగు అని పిలిచే ఆ పిల్లకి పందొమ్మిదేళ్ళు. శిక్ష ఇంకా ఖరారు కాలేదు. ఈ తీర్మానం నెగ్గితే దాని కాళ్ళకి శాశ్వతంగా సంకెళ్ళు పడ్డట్టే.

"పరాయి పిల్ల దొరికితే ఉరి తియ్యమన్నావు, సరే. ఇది నీ చెల్లెలే! ఒక్క కడుపున పుట్టలేదూ మీరిద్దరూ?" అంది తల్లి.

"అందుకే వెళ్ళాలమ్మా. ఊరందరికీ ఒక రూలు, మనింటికొక రూలా?"

"అయితే వెళ్ళు. వెళ్ళి, దగ్గుమందు నేనే పోశానని చెప్పు. అందులో ఏం కలిసిందో తెలియలేదని చెప్పు. చదువురానిదాన్ని, నన్నెవరేం చేస్తారు?"

"నీకు చదువు రాకపోవడమేంటి? వీధిలో వాళ్ళందరి కొలతలూ పుస్తకాల నిండా రాసుకుంటావు!"

కుట్టుమిషన్ తొక్కి ఇద్దరాడపిల్లల్ని పెంచిన తల్లి ముఖం తిప్పేసుకుంది. అప్పుడే పక్కగదిలోంచి పిడుగు వచ్చింది. బయటికి వెళ్ళడానికి బూట్లు కూడా వేసుకునుంది.

"దగ్గూ లేదు, మందూ లేదు. వినండి. కోచ్ సారు సూది పట్టుకొస్తే చెయ్యి చాపింది నేనే. అదేంటో తెలిసే చాపాను."

తల్లి స్టూలు మీద కూలబడింది.

"ఎందుకే?" అంది టీచరు.

"ఊహ తెలిసినప్పట్నుంచీ ఈ ఇంట్లో నేను విన్న కథ ఒక్కటేనక్కా. నువ్వు నాలుగో స్థానంలో వచ్చావు. మూడో స్థానం కొట్టేసినావిడ ఒంట్లో మందుంది. తింటున్నా అదే, పడుకున్నా అదే. నాలుగోదాన్ని కాకూడదన్న భయం సూది కంటే ముందే నా నరాల్లోకి ఎక్కింది."

చెంప ఛెళ్ళుమనిపిద్దామన్నంత కోపం వచ్చింది టీచరుకి.

"నన్ను అడ్డం పెట్టుకోకు. నేను ఏడ్చాను. మందు తీసుకోలేదు."

"తెలుసు. నీ మీదకి నెట్టడం లేదు. అడిగావు, చెప్పాను. తప్పు నాది. ఎన్నేళ్ళు బయట కూర్చోమంటే అన్నేళ్ళు కూర్చుంటా. బతుకంతా అంటే మాత్రం ఊరుకోను. పోట్లాడతా. అవతల నువ్వున్నా సరే!"



"నీ వెనక నాలుగో స్థానంలో వచ్చిన పిల్ల ఎవరో ఎప్పుడైనా ఆలోచించావా?" అని టీచరు అడిగింది.

"బేకరీలో పనిచేస్తుంది. నేను బయల్దేరింది అక్కడికే."

పిడుగు జేబులోంచి కంచు పతకం తీసి చూపించింది.

బేకరీ రెండు వీధుల అవతలే. టీచరు కూడా వెంట నడిచింది. మోచేతుల దాకా పిండితో ఉన్న ఆ పిల్ల, పిడుగుని చూడగానే గల్లాబల్ల వెనక బిగుసుకుపోయింది.

"ఇది నీది. నీ దగ్గర దొంగిలించాను. అధికారులు అడిగేదాకా ఆగబుద్ధి కాలేదు. క్షమించమని అడగడానికి రాలేదు," అంది పిడుగు.

"అడిగినా క్షమించను. నేను మెట్టెక్కుతుంటే చూడాలని మా నాన్న ఆ రోజు సెలవు పెట్టుకుని వచ్చాడు. మళ్ళీ ఇస్తావా ఆ రోజుని?"

పిడుగు తల దించుకోలేదు. కళ్ళలోంచి నీళ్ళు మాత్రం బొటబొటా రాలాయి.

"ఇవ్వలేను."

"అక్కడ పెట్టి వెళ్ళు." ఇద్దరూ గుమ్మం దాటుతుండగా ఆ పిల్ల మళ్ళీ అరిచింది. "ఒంట్లో ఏమీ లేకుండా ఒక్కసారి రా ట్రాక్ మీదికి! ఎవరు మూడో, ఎవరు నాలుగో నేను చూపిస్తా!"

దారిలో టీచరు ఎటు నడుస్తోందో తెలియకుండా నడిచింది. తనని ముంచినావిడ ఇన్నేళ్ళలో ఒక్క ఉత్తరం ముక్క రాయలేదు. ఆవిడ జన్మలో పరిగెత్తకూడదని రోజూ కోరుకుంటూ వచ్చింది టీచరు. నిజానికి తను కోరుకున్నది అది కాదు. 'నీది నేను తీసుకున్నాను' అని ఆవిడ ఒక్కసారి ఎదురుగా నిలబడి అనాలి, అంతే. ఆ మాట ఇవాళ తన చెల్లెలి నోట ఇంకొకరి కోసం వినాల్సి వచ్చింది.

సమావేశంలో ముందు వరుసలోనే కోచ్ కూర్చుని ఉన్నాడు. టీచరు లేచి, రాసుకొచ్చిన కాగితాన్ని మడిచేసింది.

"జీవితకాల నిషేధం పదేళ్ళుగా అడిగాను. సూది పట్టుకొచ్చేవాళ్ళకి ఇవాళా అదే అడుగుతున్నా. రెండోసారి దొరికినవాళ్ళకీ అంతే. మొదటి తప్పు ఒప్పుకుని, ఇచ్చినవాళ్ళ పేరు చెప్పినవాళ్ళకి మాత్రం శిక్ష వెయ్యండి, తలుపు మూసెయ్యకండి."

"మీ చెల్లెలు కాబట్టేగా ఈ జాలి?" అని వెనక నుంచి ఎవరో అన్నారు.

"అవును. నా ఇంటిదాకా వచ్చాకే ఆలోచించాను. దానికి సిగ్గుపడుతున్నాను. అంతమాత్రాన ఆలోచన తప్పైపోదు."

అక్కతో పాటే వచ్చి కూర్చున్న పిడుగు లేచి నిలబడి, వేలెత్తి కోచ్‌ని చూపించింది. ఆయనిచ్చిన సూదులెన్నో, ఏ ఏ తేదీల్లోనో గుక్క తిప్పుకోకుండా చెప్పింది. హాలంతా గగ్గోలెత్తింది. పాత తీర్మానం మూడు వోట్ల తేడాతో వీగిపోయింది. మందులిచ్చేవాళ్ళ మీద టీచరు అడిగిన నిషేధం నెగ్గింది.

మెట్ల దగ్గర కోచ్ పిడుగుకి ఎదురై పళ్ళు నూరాడు. "నీ గొయ్యి నువ్వే తవ్వుకున్నావు."

"ఎన్నేళ్ళేస్తే అన్నేళ్ళు కూర్చుంటా సార్. తర్వాత నేనొస్తా. మీరిక రారు."

కింద గేటు దగ్గర తల్లి నిలబడి ఉంది. లోపలికి రావడానికి ధైర్యం చాలలేదు, ఇంట్లో ఉండటానికి మనసొప్పలేదు. ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది.

"అబద్ధం చెప్పారా?"

"లేదమ్మా," అంది పిడుగు.

తల్లి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "మంచి పని చేశారు. చెప్పి ఉంటే, ఆ అబద్ధంతో నాకు నిద్ర పట్టేది కాదు."

టీచరు చెల్లెలి భుజం మీద చెయ్యి వేసింది. "రేపు పొద్దున్నే అయిదింటికి లే. శిక్ష పోటీలకి, పరుగుకి కాదు."