ఒత్తిడి అన్న మాట

"మా అమ్మ గుండెను రాయి చేసింది నువ్వే వదినా! నువ్వే!"

ఆసుపత్రి వరండాలో ఆడపడుచు అరిచిన అరుపుకి, మందుల బండి తోసుకెళ్తున్న నర్సు కూడా ఉలిక్కిపడి ఆగింది. ఇంట్లో ఆడపడుచుకు 'మైకు' అని ముద్దుపేరు. ఆ మైకు ఈవేళ పెద్దకోడలి మీదకు తిరిగింది... పెద్దకోడలు ఏ మొహం పెట్టుకుని జవాబు చెబుతుంది? తల వంచుకుని, గోడలో కలిసిపోతే బాగుండునన్నట్టు నిలబడిపోయింది.

కాసేపటి క్రితమే చిన్నకోడలు పరుగున వచ్చింది. గుండె కవాటాల మీద పరిశోధన చేసే ప్రయోగశాలలో ఆమెకు ఉద్యోగం. డాక్టరుతో మాట్లాడి బయటికొచ్చి, "అత్తయ్యగారి కవాటం గట్టిపడిపోయింది. ఒత్తిడి వల్ల అలా అవుతుంది. ఆపరేషన్ చేసి మార్చాలట" అని చెప్పి, రక్తం ఏర్పాటు చూడటానికి అదే పరుగున కిందికి వెళ్లిపోయింది.

ఒత్తిడి! ఆ ఒక్క మాట పెద్దకోడలి గుండెల్లో మేకులా దిగింది. పొద్దున్నే కదా తను... కాపురానికొచ్చిన ఇన్నేళ్లలో మొదటిసారి అత్తగారికి ఎదురు చెప్పింది! కుట్టి ఇవ్వాల్సిన బట్టలు గుట్టగా పడివుంటే, "ఆ మిషను చప్పుడు ఆపవే, తల దిమ్మెక్కిపోతోంది" అన్నారావిడ. "మీ చాకిరీకే పుట్టానా నేను? చచ్చేదాకా ఇంతేనా!" ఆడపడుచు ముందే అనేసింది తను. ఆవిడ లేచి వంటింటి వైపు గబగబా నడిచి, గడప దగ్గరే కుప్పకూలిపోయారు... ఛీ! ఇది నోరా, కొడవలా! అంత పెద్దావిడను ఒక్క మాటతో కోసేసింది!

"పెద్దకోడలు ఎవరమ్మా? పేషెంటు పిలుస్తున్నారు" అని నర్సు వచ్చింది.

"వద్దు! మళ్లీ ఒత్తిడి పెట్టి చంపుతుందా?" అంది ఆడపడుచు.

పెద్దకోడలు లోపలికి వెళ్లలేదు. వెనక్కి తిరిగి, ఎవరూ తన మొహం చూడకూడదని చెంగు కప్పుకుని మెట్లు దిగసాగింది. సగం మెట్ల మీద చిన్నకోడలు ఎదురైంది.

"ఎక్కడికక్కా?"

"మా పుట్టింటికి... నేను కళ్లబడితే ఆవిడ బతకరు. నువ్వే చెప్పావుగా, ఒత్తిడి అని!"

"అయ్యో! అది మాటల ఒత్తిడి కాదక్కా!" అంటూ చిన్నకోడలు ఆమె చెయ్యి పట్టుకుని, ఆడపడుచు ముందుకే లాక్కొచ్చింది.

"ఇద్దరూ వినండి. రక్తం తోసే తోపుడుకీ, కవాటం రెక్కలు సాగే సాగుడుకీ మేం పెట్టుకున్న పేరు ఒత్తిడి. మా దగ్గర కవాటం కణాల్ని సాగే పొర మీద పెంచుతాం. గుండె కొట్టుకున్నట్టే యంత్రం ఆ పొరను లాగి వదులుతుంది. మామూలుగా లాగితే వాటి పని అవి చేసుకుంటాయి. హద్దు మీరి లాగామా, గుణం మార్చుకుంటాయి! పీచు పేరుస్తాయి, సున్నం పట్టిస్తాయి. పల్చటి రెక్క మొద్దుబారుతుంది. దానికి ఏళ్లు పడుతుంది, ఒక్క పొద్దుటి మాట చాలదు. అత్తయ్యకి ఆ కవాటంలో మూడు రెక్కలుండాల్సిన చోట పుట్టుకతోనే రెండే ఉన్నాయి. ముగ్గురి చాకిరీ ఇద్దరు చేసినట్టు..." చెప్తూనే ఆమె పెద్దకోడలి వైపు తిరిగింది. "మా పనిలో పొద్దస్తమానం పలికే మాట ఇంట్లోవాళ్ల చెవికి ఎలా వినబడుతుందో ఆలోచించలేదక్కా. సిగ్గుపడాల్సింది నేను."

మైకు గొంతు తగ్గింది. "పుట్టుకతోనా...? మరి మాకు...?" అని గొణిగింది.

"ఒక్కోసారి కుటుంబంలో వస్తుంది. కడుపున పుట్టినవాళ్లంతా పరీక్ష చేయించుకోవాలి."

పెద్దకోడలికి మాత్రం బరువు దిగలేదు. కవాటం సంగతి సరే... అన్న మాట అన్నదేగా! కాళ్లీడ్చుకుంటూ లోపలికి వెళ్లి, మంచం కోడు దగ్గర నిలబడింది.

"అత్తయ్యా... పొద్దున నేనన్న మాట..."

"అన్నావు. తగిలింది కూడాను" అన్నారావిడ నీరసంగా. "పిలిస్తే రాలేదు చూడు, అది ఇంకా తగిలింది."

పెద్దకోడలు వెక్కి వెక్కి ఏడ్చింది!

"ఊరుకోవే. డాక్టరు చెప్పాడు, నా కవాటానికి రెండు రెక్కలే ఇచ్చిందట మా అమ్మ. తిడదామంటే ముందే తప్పించుకుపోయింది!" ఆవిడ నవ్వబోయి ఆయాసపడ్డారు. "నా గుండె దడ చెవుల్లో హోరెత్తుతుంటే, మిషను చప్పుడేదో, నా చప్పుడేదో తెలియక హడలిపోయి ఆపమన్నానే... ఎన్నాళ్లనుంచో ఇంతే. నడిస్తే ఆయాసం. మీ మీద పడి తినే ముసలిదాన్నయ్యానని చెప్పడానికి నామోషీ వేసింది..."

"నాకు చెప్పడానికి నామోషీ ఏంటత్తయ్యా!" అంటూ ఆవిడ చేతిలో మొహం దాచుకుంది పెద్దకోడలు.

గుమ్మం దగ్గర ఆడపడుచు నిలబడివుంది. ఎంతసేపటి నుంచి ఉందో! నేలకేసి చూస్తూ, "వదినా... ఆ పరీక్షకి నాతో వస్తావా? భయంగా ఉంది" అంది.

"తీసుకెళ్లవే" అన్నారు అత్తగారు. "దానికి నోరే పెద్దది."

పెద్దకోడలు కళ్లు తుడుచుకుని వెళ్లి ఆడపడుచు చెయ్యి పట్టుకుంది.

"పద" అంది.